సొరుగుకు పట్టని పిడి

నేను టైలర్ని. నా కుట్టుమిషన్ సొరుగు పిడి విరిగితే, సిద్దిపేటల చేతిపని, కంప్యూటర్ పని నేర్పే వర్క్‌షాప్‌ల నేనే బొమ్మ గీసి, త్రీడీ మిషన్ల ప్లాస్టిక్ పిడి ప్రింట్ తీసిన. అది రంధ్రంల దూరలేదు. బట్ట కత్తిరించేటప్పుడు కుట్టు కోసం జర ఎక్కువ ఉంచుత గద, అలవాటు కొద్ది పిడికి గూడ ఉంచిన. ప్లాస్టిక్‌కు కుట్టేడుంటది?

ఒళ్లె సొరుగు, చేతిల పిడి పెట్టుకొని బెజ్జంకి ఊరికి పోయే బస్సుల కూసున్న. పక్కనున్న పెద్దమ్మ పిడి గుంజుకొని చూసింది.

"ఏంది బిడ్డా ఇది?"

"సొరుగు పిడి."

"మరి సొరుగుకు పెట్టక చేతుల పట్టుకొని తిరుగుతున్నవేంది?"

"పట్టలేదు పెద్దమ్మా."

బస్సు కదిలింది. కిటికీ అద్దం దడదడ కొట్టుకుంటుంటే ఆమె నన్ను అడగకుండనే నా పిడిని అద్దం సందుల గట్టిగ దూర్చింది. చప్పుడు బందైంది.

"గీడ పట్టింది," అని కండ్లు మూసుకున్నది.

నాకు ఒళ్లు మండింది. దాన్ని కొలుచుకొనే నేను ఇంకోటి సన్నగ గియ్యాలె. ఆమె దిగంగనే పిడి గుంజిన. అద్దం మళ్ల మొదలువెట్టింది. ముందు సీటాయన వెనక్కి తిరిగిండు.

"గంత మంచిగుంటే ఎందుకు తీస్తవమ్మా?"

మళ్ల దూర్చి, ఒట్టి సొరుగుతోని దిగిన.

తర్వాత వారం సన్నది తీసిన, సొరుగుకు పట్టింది. దాని ఎంబడే ఒక లావుది గూడ తీసి, సంచిల ఏసుకొని బస్సెక్కిన.