ఐదో టేక్ ఆపిన రోజు

బ్యాంకు నుంచి రిటైరైన రెండో ఏడాది వేసవిలో ఫిలింనగర్‌లోని ఒక నిర్మాణ సంస్థ నన్ను ఫుట్‌బాల్ మాస్టర్‌గా తీసుకుంది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చినవాణ్ని. బ్యాంకు జట్టుకూ, ఆరేళ్లపాటు భారత జట్టుకూ గోల్‌కీపర్‌గా ఆడాను. సెట్‌లో డాన్స్ మాస్టర్, ఫైట్ మాస్టర్ల తర్వాతి స్థానం నాది. నేర్పవచ్చు, సలహా చెప్పవచ్చు. షాట్ ఆపే అధికారం మాత్రం దర్శకుడిదే.

కథానాయిక మేఘనది గోల్‌కీపర్ పాత్ర. వెంగళరావు నగర్ అమ్మాయి, అదే ఆమెకు మొదటి పెద్ద సినిమా. జూబ్లీహిల్స్‌లో అద్దెకు తీసుకున్న మైదానంలో నలభై రోజులు పొద్దున్నే నేర్పించాను. బ్యాంకు కౌంటర్ వదిలాక మళ్లీ బూట్లు కట్టుకోవడం హాయిగా ఉండేది. పక్కకు దూకినప్పుడు పిక్క, తొడ, నడుము, చివరికి భుజం వెనక భాగం వరసగా నేలను తాకాలి. చేయి చాపి ఆనుకుంటే దెబ్బంతా భుజానికే. మొదట్లో బంతి రాగానే కళ్లు మూసుకునే ఆ అమ్మాయి, మూడో వారానికల్లా బంతి కొట్టేవాడు నేలకు ఆనించిన కాలు ఎటు తిరిగిందో చూసి దూకేది.

పెనాల్టీ ఆపే సన్నివేశంలో నాలుగో టేక్‌కు ఆమె తప్పుగా పడింది. లేచాక కుడిచేత్తో ఎడమ మోచేతిని ఒంటికి అదిమి పట్టుకుంది. దెబ్బ తగిలిందా అని అడిగాను.

"ఏం గాలేదు సార్. జర గుంజింది, గంతే."

అలా పట్టుకోవడం నాకు తెలుసు. దేశం తరఫున ఆడిన రెండో మ్యాచ్‌లో నా కాలర్ బోన్ అలాగే దెబ్బతింది. జట్టులో చోటు పోతుందని డాక్టర్‌కు చెప్పకుండా ఇంకో రెండు మ్యాచ్‌లు ఆడి, ఏడాదికి పైగా ఆటకు దూరమయ్యాను.

దర్శకుడు రామ్మోహన్ గారికి విషయం చెప్పాను. ఎండ పోకముందే షాట్ తీయాలని ఆయన తొందర. "ఒక్క టేకే మాస్టారూ. ఆ అమ్మాయే బాగున్నానంటోంది కదండీ," అన్నారు. కెమెరా నడిచింది. బంతి కొట్టేవాడు పరుగందుకోబోతున్నాడు. నేను నడిచి వెళ్లి అతనికీ గోల్‌కూ మధ్య నిలబడ్డాను.

రామ్మోహన్ గారు మైకు కింద పెట్టి నా వైపు వచ్చారు. "షాట్ పాడుచేశారేంటండీ?"

డాక్టర్‌కు చూపించమన్నాను. ఏమీ లేదని తేలితే మర్నాటి నుంచి రానని కూడా చెప్పాను. ఆయనకన్నా మేఘనకే కోపం ఎక్కువ వచ్చింది. "మీ వల్ల నా సీన్ వోయింది సార్. ఇగ డూప్‌ని వెడ్తరు," అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

షేక్‌పేటలో ఎక్స్‌రే తీయిస్తే కాలర్ బోన్‌లో సన్నని పగులు కనిపించింది. మళ్లీ దానిమీద పడితే ఎముక విడిపోయేదని డాక్టర్ అన్నాడు. రామ్మోహన్ గారు ఆ ఎక్స్‌రే ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. డూప్‌ను పెట్టకుండా ఆ సన్నివేశాన్ని షెడ్యూల్ చివరికి జరిపారు.

రెండు నెలల తర్వాత మేఘన రెండో టేక్‌లోనే బంతిని పోస్టు బయటికి నెట్టింది. చక్కగా పడింది. ఆ సినిమాలో నాకు నచ్చిన షాట్ అదే.

ఆటలో ఉన్నవాళ్లు దెబ్బ గురించి నిజం చెప్పరు, నేనూ చెప్పలేదు. వాళ్ల మాట విన్నాక కూడా ఒళ్లు చూడడం శిక్షకుడి పని. ఆపవలసి వస్తే ముందు ఆపాలి, తన హోదా సంగతి తర్వాత చూసుకోవచ్చు.