ఆయిల్ లైటూ, లాగ్ బుక్కులో ఖాళీ గడీ

2023 తొలకరి రోజులు. విజయవాడ ఆటోనగర్‌లో నేను షెడ్డు పెట్టి అప్పటికి ఇరవై రెండేళ్ళు. నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. ఇంజను విప్పడం నా పని కాదు. వైరు ఎక్కడ తెగింది, లైటు ఎందుకు వెలగట్లేదు, హారన్ ఎందుకు మూగబోయింది, ఇవి చూస్తాను. ఆటోనగర్‌లో పెద్దపీట ఎప్పుడూ ఇంజను మెకానిక్కుదే. మమ్మల్ని ‘వైరింగోడు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నా పేరు జబ్బార్. తొమ్మిదో తరగతి తప్పాను. అయినా నా చేతికి చిక్కని ఫాల్టు లేదని గర్వంగానే చెప్పుకుంటాను. ఒక్కటి మాత్రం నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

ఆ కారు ఇబ్రహీంపట్నం నుంచి వచ్చింది. యజమాని కోటేశ్వరరావుగారు, థర్మల్ పవర్ స్టేషన్ కంట్రోల్ రూములో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక కొనుక్కున్న మొదటి కారు అది. సీటు మీద ధూళి కూడా ఆయన్ని అడిగి వాలాలి, అంత శుభ్రం.

“ఆయిల్ లెవల్ లైటు వెలుగుతోందండీ. కంపెనీ సర్వీసు వాళ్ళు సెన్సర్ కొత్తది వేశారు. అయినా తగ్గలా,” అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎర్రగా వెలిగేది ఆయిల్ ప్రెషర్ లైటు. అది వెలిగితే బండి ఆ క్షణమే ఆపాలి. పసుపుపచ్చగా వెలిగేది ఆయిల్ లెవల్ లైటు. ఇంజను కింద ఆయిల్ నిలిచే తొట్టిని చాంబర్ అంటాం. అందులో ఉండే సెన్సర్, తాళం తిప్పగానే ఆయిల్ ఎంతుందో కొలుస్తుంది. తక్కువైతే లైటు వెలిగిస్తుంది. ఈ రకం కార్లలో మళ్ళీ తాళం తీసేదాకా ఆ కొలతే లెక్క.

“ఎప్పుడెప్పుడు వెలుగుతోంది సార్?” అని అడిగాను.

ఆయన సంచిలోంచి ఒక బైండు పుస్తకం తీశారు. బండి తీసిన ప్రతిసారీ తేదీ, టైము, చోటు, తిరిగిన కిలోమీటర్లు, లైటు వెలిగిందా లేదా, చేసిన పని, అన్నిటికీ స్కేలు పెట్టి గళ్ళు గీశారు. చివరి గడి పైన ‘అటెండ్ చేసిన ఇంజనీరు’ అని ఉంది. ఆ గడి పైనుంచి కిందిదాకా ఖాళీ.

“మా ప్లాంటులో అలారం వస్తే ఎవరు సరిచేశారో ఆ ఇంజనీరు పేరు పడాల్సిందేనండీ. లేకపోతే షిఫ్టు దిగనిచ్చేవాళ్ళం కాదు.”

నాకు నవ్వొచ్చింది. ‘ఈ పెద్దాయన చాదస్తం కాకపోతే, కారుకి కూడా లాగ్ బుక్కా’ అనుకున్నాను. పుస్తకం తిరగేయకుండానే బండి కిందకి దూరాను. సెన్సర్ కనెక్టర్ ఊడదీస్తే లోపల పచ్చటి చిలుము. మన కృష్ణా తేమకి కనెక్టర్లు చిలుము పట్టడం రోజూ చూసేదే. శుభ్రం చేసి బిగించాను. తాళం తిప్పితే లైటు రాలేదు. పదిసార్లు తిప్పినా రాలేదు.

“రాసుకోండి సార్ నా పేరు,” అన్నాను గొప్పగా.

“వారం చూసి రాస్తానండీ,” అన్నారాయన.

వారం కూడా పట్టలేదు. మూడో రోజు శనివారం సాయంత్రం మళ్ళీ వచ్చారు. ఈసారి సైలెన్సర్‌లోంచి నీలంగా పొగ కూడా వస్తోంది. ఆయన ముఖం చూడలేకపోయాను. పక్క షెడ్డు సాంబయ్య పొగ చూసి లేచొచ్చాడు. ఇంజను పనిలో చెయ్యి తిరిగినవాడే, కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

“ఆయిల్ పోస్తా ఉన్నారా?” అని అడిగాడు.

“రోజూ పొద్దున డిప్ స్టిక్ తీసి చూస్తానండీ. కొసకి చుక్క కూడా అంటదు. ఇప్పటికి నాలుగుసార్లు, అరలీటరు చొప్పున పోశాను.”

డిప్ స్టిక్ అంటే చాంబర్‌లో ఆయిల్ మట్టం ముంచి చూసే పుల్ల. సాంబయ్య ఇంకేం వినలేదు. “ఇంకేముంది, పిస్టన్ రింగులు అరిగిపోయినయ్. ఆయిల్ తాగేస్తంది. సోమవారం బండి వదలండి, ఇంజను దించేద్దాం.”

“సాంబయ్యా, కొత్త బండి. అంత తొందరగా రింగులు ఎలా అరుగుతాయి?” అన్నాను.

“నిప్పు లేందే పొగొస్తదా? వైరింగోడివి, ఇంజను సంగతి నీకెందుకురా?”

ఆ మాట నాకు సూదిలా దిగింది. కోటేశ్వరరావుగారు మాత్రం బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. “దించితే మళ్ళీ కంపెనీ బిగింపు వస్తుందా జబ్బార్ గారూ?” అని మెల్లగా అడిగారు. రాదు. అది ఆటోనగర్‌లో అందరికీ తెలుసు. సోమవారం దాకా నాకు ఒక్కరోజు ఉంది. “ఆ పుస్తకం నాకివ్వండి సార్. బండి మెల్లగా ఇంటికి తీసుకెళ్ళి పెట్టండి. రేపు పొద్దున నేను వచ్చేదాకా మళ్ళీ స్టార్టు చెయ్యొద్దు,” అన్నాను.

ఇంట్లో టీ తాగుతూ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. చదివేకొద్దీ సిగ్గేసింది. సమాధానమంతా అందులోనే ఉంది, నేనే కళ్ళు మూసుకున్నాను. లైటు వెలిగిన ప్రతిసారీ ‘చోటు’ గడిలో ‘ఇల్లు’ అనే ఉంది. హనుమాన్ జంక్షన్లో టిఫినుకి ఆగి మళ్ళీ బయల్దేరితే లైటు లేదు. కొండపల్లి స్టేషన్ దగ్గర ఆపి మళ్ళీ తీస్తే లేదు. నా షెడ్డులోనూ లేదు. జబ్బు బండిదైతే ఊరంతా తనతోనే తిరగాలి కదా. ఇది ఇల్లు దాటట్లేదు.

ఆదివారం పొద్దున్నే ఇబ్రహీంపట్నం వెళ్ళాను. తూర్పు గేటు ఇల్లు. కారు ముఖం గేటువైపు పెట్టి ఉంది. కోటేశ్వరరావుగారి భార్య రమాదేవిగారు వాకిలి కడుగుతున్నారు. ఆవిడ బక్కెట్టు కుమ్మరించగానే నీళ్ళు కారు కిందనుంచి పరుగెత్తి గేటు బయట పడ్డాయి. ఆ నీళ్ళు పోయిన దారి వెంట నేనూ గేటు దాకా నడిచాను.

“అమ్మా, మీ వాకిలి ఎప్పుడూ ఇంత వాలుగా ఉండేదా?”

“లేదు బాబూ. రెండు నెలలైంది. ఆయన మోకాలి నొప్పి తగ్గట్లేదని సిద్ధాంతిగారిని పిలిచాను. పడమర మెరక చేసి తూర్పుకి పల్లం పెట్టమన్నారు. కారు కూడా ఇంటికేసి ముఖం పెట్టకూడదు, తూర్పు చూడాలన్నారు. అప్పట్నుంచీ వెనక్కి పోనిచ్చి పెడుతున్నారు.”

పుస్తకంలో మొదటి అలారం కూడా సరిగ్గా రెండు నెలల కిందటిదే.

డిప్ స్టిక్ తీశాను. కొస పొడిగా ఉంది. ఇంజను వెయ్యకుండా ముగ్గురం కలిసి కారుని గేటు బయట చదును రోడ్డు మీదకి దొర్లించాం. పది నిమిషాలు ఆగి మళ్ళీ పుల్ల ముంచి తీశాను. ఆయిల్ పైగీత దాటి రెండు వేళ్ళ ఎత్తున ఉంది!

“ఇదేంటండీ, ఇంత ఉందా?” అన్నారు కోటేశ్వరరావుగారు.

“వాలులో పెట్టిన పళ్ళెంలో పప్పుచారు ఒక పక్కకే చేరుతుంది కదండీ. మీ కారు ముందుకి వంగి ఉంటే ఆయిలంతా ముందుకి పోతోంది. సెన్సరూ పుల్లా రెండూ చాంబర్‌లో వెనకవైపున్నాయి. వాటికి ఆయిల్ అందట్లేదు. తక్కువుందనుకుని మీరు పోశారు. ఆ ఎక్కువైన ఆయిలే కాలి పొగ అవుతోంది. రింగులకేం కాలేదు.”

ఆయన నా చేతిలోంచి పుల్ల తీసుకుని గీతలు మరోసారి చూసుకున్నారు. “అయితే తప్పు నాదేనన్నమాట,” అన్నారు. ఇంకో అరలీటరు పోసుంటే ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళు తన్నుకుని నిజంగానే ఇంజను దించాల్సి వచ్చేది. ఆ మాట అప్పుడు ఆయనకి చెప్పలేదు.

పాత ఆయిలంతా దించేసి కొత్తది కొలిచి పోశాను. ఇక మిగిలింది వాలు. “కారు ఇదివరకులాగే ఇంటికేసి పెట్టేస్తే సరిపోతుందా?” అని ఆయన అడిగారు. రమాదేవిగారి ముఖం చిన్నబోయింది. “ఆయన మోకాలు ఇప్పుడిప్పుడే నెమ్మదించింది బాబూ,” అన్నారు.

“ఎందుకమ్మా మార్చడం? నమాజుకి నేను పడమర తిరుగుతాను. ఎవరొచ్చి దిక్కు మార్చమన్నా మారుస్తానా? మీ కారు తూర్పే చూడనివ్వండి. మట్టంగా నిలబెడదాం, అంతే,” అన్నాను. మేస్త్రీని పిలిపించి, రసమట్టం పెట్టి, ముందు చక్రాలు ఆగేచోట రెండు సిమెంటు దిమ్మెలు కట్టించాను. చుట్టూ పల్లం అలాగే ఉంది, నీళ్ళు తూర్పుకే పోతున్నాయి. కారు మాత్రం బల్లమీద పెట్టినట్టు నిలబడింది.

సోమవారం సాంబయ్య ఖాళీ చేసి ఉంచిన చోటు ఖాళీగానే ఉండిపోయింది. “కొండను తవ్వి ఎలుకని పట్టేవాడివి, నేను ఆపాను,” అంటే నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే టీ తెప్పించాడు.

ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. బండి కిందకి దూరేముందు రెండు అడుగుతాను: బండి ఎక్కడ పెడతారు, ఎటు ముఖంగా పెడతారు? బండివాళ్ళు చెప్పేది చాదస్తంగా ఉన్నా చివరిదాకా వింటాను. ఆ పెద్దాయన రాసింది మొదటిరోజే చదివుంటే ఆయన అన్ని రోజులు బెంగపడేవారు కాదు. ఆ తప్పు నాదే.

నెల తిరిగాక కోటేశ్వరరావుగారు షెడ్డుకి వచ్చారు. లైటూ లేదు, పొగా లేదు. సంచిలోంచి ఆ పుస్తకమే తీసి నా బల్లమీద తెరిచారు. సాంబయ్య కూడా తొంగిచూశాడు. ఆఖరి వరసలో ‘అలారం క్లియర్’ అని ఉంది.

“వారం చూస్తానన్నా కదండీ, నెల చూశాను,” అని కళ్ళజోడు సర్దుకుని, నా ఎదుటే కలం తీసి, ఖాళీ గడిలో గుండ్రటి అక్షరాలతో రాశారు. ‘అటెండ్ చేసిన ఇంజనీరు’ కింద ‘షేక్ జబ్బార్’ అని.

తొమ్మిదో తరగతి తప్పిన నేను ఆ గడిని ఫోనులో ఫొటో తీసుకున్నాను. మా అమ్మకి చదవడం రాదు. అయినా ఆ సాయంత్రం మొదట ఆవిడకే చూపించాను.