యూస్‌లెస్ పుట్టిన చోటు

ఆ రోజుల్లో వరంగల్‌లో ఒక మనిషి పనికిరాడని చెప్పడానికి తెలుగు చాలేది కాదు. పనికిమాలినోడు అంటే ఇంటి తిట్టు, యూస్‌లెస్ అంటే ఆఫీసు తిట్టు. రెండో దానికి ఇస్త్రీ చొక్కా ఉండేది. మా ఇంట్లో ఆ చొక్కా రోజూ నాకే తొడిగేవారు. బట్టల మిల్లులో మగ్గాలు నడిపే మా బాపుకు ఇంగ్లీషు అక్షరం రాదు, ఆ ఒక్క మాట మాత్రం తడుముకోకుండా వచ్చేది. నేను ఇంటర్ తప్పింది ఇంగ్లీషులోనే, రెండుసార్లు (రెండోసారి కొంచెం మెరుగ్గా తప్పాను). తిట్టైనా చదువులో భాగమే కదా అని హనుమకొండ లైబ్రరీలో లావుపాటి నిఘంటువు దింపి ఆ మాట పుట్టుక వెతికాను. ముందు సగం లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచివాళ్ళ ఇంట్లో పెరిగి వచ్చిందట. తోకగా ఉన్న 'లెస్' పాత ఇంగ్లీషుదట. 'తక్కువ' అని కాదు, 'బొత్తిగా లేదు' అని అర్థమట. నన్ను తిట్టడానికి ఇన్ని దేశాలు కలిసి పనిచేశాయని తెలిసి కొంత గౌరవంగానే అనిపించింది.

ఆ ఎండాకాలం బాపు నాకు మిల్లులో బదిలీ కార్డు ఇప్పించాలనుకున్నాడు. కార్డు ఉన్నవాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి; ఎవరైనా పనికి రాకపోతే ఆ మగ్గం ఆ రోజుకు వీడిది (మంది జ్వరాల మీద బతికే కొలువన్నమాట). కొన్నేళ్ళు అలా నిలబడితే పర్మినెంట్. బాపు వెన్ను నొప్పి చూస్తే ఆయన ఇంక ఎంతోకాలం చేయలేడు. నాకు కార్డు రాకపోతే ఇంట్లో పొయ్యి సంగతేమిటో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు. "నీ నోరు జర ఇంట్ల పెట్టి పోరా కొడుకా," అంది అవ్వ.

నోరు తీసుకునే వెళ్ళాను. మిల్లులో మగ్గాల మీద పెత్తనం చేసే వీవింగ్ మాస్టరు టేబుల్ వెనక కూర్చుని, నా కార్డు మీద సంతకానికి పెన్ను క్యాప్ విప్పుతూ బాపును చూశాడు. "నువ్వే ఒక యూస్‌లెస్. ఇగ నీ కొడుకొకడా?"

బాపు చేతులు కట్టుకుని నవ్వాడు. "అవ్ సార్."

ఆ 'అవ్' ఎంత అలవాటుగా వచ్చిందంటే, నిఘంటువు చెప్పని పుట్టుక నాకు అక్కడ తెలిసింది. ఆ మాట లాటిన్‌లో పుట్టలేదు. ఈ టేబుల్ దగ్గర పుట్టి, టిఫిన్ డబ్బాతో పాటు సైకిలెక్కి మా ఇంటికి వచ్చేది.

"సార్," అన్నాను, "ఆ మాటకు బొత్తిగా పనికిరానోడని అర్థం. మా బాపు ఇరవై ఏండ్ల సంది మీ మగ్గాలే నడుపుతాండు. పనికిరానోనితోని ఇరవై ఏండ్లు పని చేయించుకున్నోళ్ళను ఏమంటరో డిక్షనరీల సూడలే."

మాస్టరు పెన్నుకు క్యాప్ పెట్టేశాడు.

బాపు సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వచ్చాడు. నేను తిట్టు కోసం చెవులు సిద్ధం చేసుకున్నాను. రైల్వే గేటు దాటాక అన్నాడు: "మంచిగనే అన్నవ్ రా."

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"సంతకమైనంక అంటే ఏం పోతుండె?"

ఆ వెన్ను నొప్పితోనే ఇంకో ఆరేళ్ళు ఆయన మగ్గాల ముందు నిలబడ్డాడు. నాకు చివరికి ఒక గుమాస్తా కొలువు దొరికింది. అక్కడ 'అవును సార్' అనడంలో నేను బాగా పైకొచ్చాను. ఇప్పుడు, ఆ రోజు మాస్టరు ముందు నోరు విప్పిన ఆ కుర్రవాడు నాకు ఎదురుపడితే ముందు చెవి మెలిపెడతాను. తర్వాత, ఎవరూ చూడకుండా, చాయ్ తాగిస్తాను.