అత్తమ్మకు చెప్పిన రిపోర్టు

మొన్న బుధవారం పొద్దున కరీంనగర్ ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. "అవ్వ పోయింది" అన్నాడు, అంతే. అవ్వ అంటే వాళ్లమ్మ, మా అత్తమ్మ. నేను మందమర్రిలో, మా కాలనీ ఇంట్లో, ఐదో నెల కడుపుతో ఉన్నాను. ఏడుపుకన్నా ముందు, ఈ బిడ్డకు ఇక నా వెంట ఎవరుంటారన్న భయం వచ్చింది. ఎందుకో మీకు చెప్పాలి.

మా ఆయన అంగిట్లో చీలికతో పుట్టాడు. అత్తమ్మ గ్రహణం నాడు సొరకాయ కోసినందుకే అలా అయిందని కాలనీ అంతా అన్నది, ఆమె నమ్మింది. అందుకే నా మొదటి కడుపప్పుడు గ్రహణం వస్తే నన్ను కదలనిస్తేనా! తలుపులన్నీ మూసి, చాప మీద పడుకోబెట్టి, "కాలు గూడ ముడువకు బిడ్డా" అంటూ పక్కనే కాపలా కూర్చుంది. ముక్కు దురద పెడితే తనే గోకింది. నాకు ఒకటే నవ్వు.

అయినా మా పాపకూ అంగిట్లో చీలికే, పాలు పడితే ముక్కులోంచి వచ్చేవి, పైగా గుండెలో రంధ్రం. రక్తపరీక్షల్లో తేలిందేమిటంటే, పాపకు ఒక క్రోమోజోములో చిన్న ముక్క లేదు. మా ఆయనకూ లేదు. ఆఖరికి అత్తమ్మకూ లేదు, కాకపోతే ఆమెలో అది పెద్దగా బయటపడలేదు.

"గ్రహణం కాదు అత్తమ్మా, సొరకాయ కాదు, అంత నెత్తుర్లనే ఉన్నదట" అని సంబరంగా చెప్పాను. ఇన్నేళ్ల బరువు దింపుతున్నాననుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆమె ముఖం మాడిపోయింది.

"గ్రహణమైతె మంచిగుండు బిడ్డా. గ్రహణం గంటకు ఇడుస్తది. నెత్తురు ఇడుస్తదా?"

పాప ఆపరేషన్లకు బస్సుల్లో తిరిగినన్నాళ్లూ నా వెంట ఉన్నది ఆమే. పాపకు మాట ఆలస్యమైందని ఎవరైనా అంటే, "మా బిడ్డ నిమ్మలంగ మాట్లాడుతది, మీకేం తొందర?" అని గదిమేది. అంత మనిషి, నేను మళ్లీ నెల తప్పానంటే సంతోషపడలేకపోయింది. ఈ బిడ్డకూ రావచ్చు, రాకపోవచ్చు, సగానికి సగం అన్నాడు డాక్టరు. ఉమ్మనీరు తీసి హైదరాబాద్ పంపారు. ఇక రోజూ నేను బియ్యం కడుగుతుంటే వెనక వచ్చి నిలబడేది.

"రిపోర్ట్ అచ్చిందా?"

"రాలే అత్తమ్మా."

"గీ బిడ్డకు గూడ నేనే ఇచ్చిన్నా?"

ఒకనాడు కసిరాను. "ఊకె గదే అడుగుతవు, నాకు లేదా భయం?" రెండు రోజులు నా వెనక వచ్చి నిలబడలేదు పాపం. ఎందుకన్నానా అని ఇప్పుడు కుమిలిపోతున్నాను.

తరవాత ఆమెకు ఆయాసం ఎక్కువై కరీంనగర్‌లో చేర్చాం. పోయే ముందు రోజు ఆసుపత్రికి వెళ్లాను. ఊపిరి అందడం లేదు, అయినా అదే ప్రశ్న. రిపోర్టు అప్పటికి రాలేదు. ఇప్పటికీ రాలేదు.

"అచ్చింది అత్తమ్మా. బిడ్డకేం లేదట, ఫికర్ జేయకు" అన్నాను.

నా ముఖంలోకి చూసింది. అబద్ధమాడటం నాకెప్పుడూ చేతకాదు.

"మంచిది" అంటూ నా కడుపు మీద చెయ్యి వేసింది. "గని, పుట్టినంక పండవెట్టి పాలు పట్టకు బిడ్డా. కూసోవెట్టి, చెంచతోని కొద్దికొద్దిగ పొయ్యి. లేకుంటె ముక్కులకెల్లి అస్తయి."