పద్మ పిన్ని ఎక్కిన ట్రాక్టర్

పొద్దున బంకులో డీజిల్ వాసన తగలగానే మా పద్మ పిన్ని గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లకి, ట్రాలీ తగిలించిన ట్రాక్టర్‌ని వెనక్కి నడిపే రివర్స్ పందేలు గుర్తున్నాయా?

తాతయ్యది ఎడ్ల పందేల ఇల్లు. పిన్ని ఎడ్లు తోలేది, మోపెడ్, ట్రాక్టర్ నడిపేది. పందెంలోకి మాత్రం మగవాళ్లే దిగేవారు.

ఒక ఏడు వినుకొండ ట్రాక్టర్ పందెం ముందు, అందులో దిగాల్సిన మామయ్య చెయ్యి బెణికింది. అతని బదులు పిన్ని సీటెక్కింది.

"ఏరా, మీ ఇంట్లో మగాళ్లు లేరా?" అని ఎవరో అరిచారు. మామయ్య తల దించుకున్నాడు.

పిన్ని మెడ తిప్పి చూసుకుంటూ, సున్నం గీత తొక్కకుండా ట్రాలీని వెనక్కి నడిపించింది. మొదటి బహుమతి ఆమెకే. తర్వాత్తర్వాత కారు పందేల్లోనూ గెలిచింది.

వినుకొండలో గెలిచిన ఆ సాయంత్రమే, ట్రాక్టరంటేనే గిట్టని తాతయ్య వచ్చి మడ్‌గార్డు మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. "వచ్చే పందేనికి మన గిత్తల్ని కూడా నువ్వే తోలాలమ్మాయ్" అన్నాడు.