కర్రెమ్మ గూడు

నా చిన్నప్పుడు మా ఇల్లు ఎప్పుడూ పూర్తికాని మేడ పక్కనే ఉండేది. మేడ పూర్తయిందంటే మేం మూటలు సర్దుకోవాల్సిందే. మా నాయిన వాచ్‌మన్, అమ్మ ఇటుకలు మోసేది. పాలమూరు వైపు గొర్రెలు కాసి కాసి మోకాళ్లు అరిగాక మా తాత కూడా మా దగ్గరికే వచ్చేశాడు. ఖాజాగూడ గుట్టల పక్కన ఒక ఆఫీసు మేడ లేస్తున్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు ముప్పై దాటాయి. తెల్లాపూర్‌లో విల్లాలు కడుతున్న చోట కూలీల షెడ్లు చూసుకునే పని నాది. పనివాళ్ల పిల్లలందరికీ పెద్దమ్మను. వాళ్లెవరైనా కుక్కపిల్ల మెడకు తాడు కట్టి ఈడుస్తుంటే నేను అరిచే అరుపు గేటు దాకా వినిపిస్తుందట. నాది పెద్ద నోరని అందరూ అంటారు. పెద్దదే, కాదనను. కానీ ఆ అరుపు మాత్రం నా మీద నేను అరుచుకునేది.

కర్రెమ్మ మా సైట్లో ఉండే నల్ల కుక్క. దాన్ని ఎవరూ తేలేదు, ఇసుక లారీ వెంట పరుగెత్తుకుంటూ వచ్చి అక్కడే ఉండిపోయింది. లిఫ్టు కోసం వదిలిన గుంటలో చల్లగా ఉంటుందని అందులో పడుకునేది. అమ్మానాయినలు పనిలో ఉంటే పగలంతా నాకు తోడు అదే. నా రొట్టెలో సగం దానిది, దాని గుంట నీడలో సగం నాది. బడి లేదు, ఈడు పిల్లలు లేరు. దోస్తు అంటే తక్కువ చేసినట్టే, అప్పట్లో నాకున్న లోకమే అది.

ఒక గురువారం లిఫ్టు బిగించేవాళ్లు వచ్చారు. తన ఇంట్లో దొంగలు పడ్డారనుకుందో ఏమో, కర్రెమ్మ ఒకతని ప్యాంటు మోకాలి దాకా చీల్చిపెట్టింది. సాయంత్రం ఇంజినీరు సారు మా షెడ్డు దగ్గరికి వచ్చాడు. గోదావరి వైపు మనిషి, గొంతు పెంచడం తెలియదు.

"నాకూ కుక్కలంటే ప్రేమేనయ్యా," అన్నాడు నాయినతో. "కానీ ఆదివారం పొద్దున లిఫ్టు పూజకి ఓనరుగారు వస్తున్నారు. అప్పటికి అది గేటు పక్కన ఒక గూట్లో కుదురుగా ఉండాలి. లేదంటే కుక్కల బండికి ఫోన్ చెయ్యక తప్పదు. ఏమనుకోకు."

ఆ బండిని నేనొకసారి చూశాను. ఇనుప బోనులో ఒకదాని మీద ఒకటి కుక్కలు. అందులో ఎక్కిన కుక్క మళ్లీ మా వైపు రావడం ఎప్పుడూ చూడలేదు.

గూడు మాత్రం మర్నాడు పొద్దున్నే తయారైంది. మా సెంట్రింగ్ మేస్త్రి మంచివాడు, చెయ్యి తిరిగినవాడు. స్లాబులు పోసి పోసి పక్కన పడేసిన పాత సెంట్రింగ్ చెక్కలు ఏరి, గంటలో కొట్టేశాడు. పైన కొత్త రేకు, ముందు చిన్న తలుపు, తలుపుకి గడియ కూడా. గేటు దగ్గర ఖాళీ ఉన్నది జనరేటర్ పక్కనే కాబట్టి అక్కడ పెట్టించాడు. చూసినవాళ్లంతా మనకంటే దానిదే దొర బతుకు అని నవ్వారు. నేను సంబరంగా రొట్టె ముక్క లోపల పెట్టి పిలిచాను. కర్రెమ్మ మెడ సాచి వాసన చూసింది, రెండడుగులు వెనక్కి వేసింది. పది సార్లు పిలిచాను. పది సార్లూ అంతే.

నిదానమే ప్రధానం అంటారు పెద్దలు. ముందర రెండే రోజులున్న తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మాట ఎక్కుతుందా? మా తాత ఆ రోజు మోకాళ్ల మందుకోసం దవాఖానకు పోయాడు. మధ్యాహ్నం నేను కర్రెమ్మను రెండు చేతులా వాటేసుకుని తెచ్చి, గూట్లోకి తోసి, తలుపు మూసి గడియ పెట్టాను. గడియ ఊగుతుంటే తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. కాసేపు ఉంటే అలవాటు పడుతుందిలే అనుకున్నాను. లోపల అది గోళ్లతో చెక్కల్ని గీరుతోంది. తర్వాత ఏడ్చింది. కుక్క ఏడుపు నాకు తెలుసు, కానీ దాని ఏడుపు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. చెవులు మూసుకుని, నీ మంచికే, నీ మంచికే అని నేనూ ఏడ్చాను. చివరికి గడియ ఊడింది. నన్ను దొర్లించి అది బయటపడింది. ముందుకాలికి రక్తం. ఒక్కసారి నా వైపు చూసింది, తోక కాళ్ల మధ్య ముడుచుకుంది, గుట్టల్లోకి పోయింది.

సాయంత్రం తాత వచ్చాక అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. శనివారం పొద్దున గూడు దగ్గరికి తీసుకుపోయి అడిగాడు.

"అది ఎందుకు పోతలేదో తెల్సుకున్నవా బిడ్డా?"

"కుక్క ఎట్ల చెప్తది తాతా?"

"అది చెప్పది. గూడు చెప్తది."

తలపాగా తీసి నా చేతికిచ్చాడు. ఆ అరిగిన మోకాళ్ల మీదే వంగి, పాకుతూ, తలా భుజాలూ గూట్లో పెట్టి, నడుం దాకా దూరాడు. సైట్ అంతా పని ఆపి చూసింది. మేస్త్రి పగలబడి నవ్వి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు తాతా? గూట్ల పండేది నువ్వా, కుక్కా?" అన్నాడు. తాత చాలాసేపటికి బయటికొచ్చాడు. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి.

"ఇగ నువ్వు దూరు," అన్నాడు.

దూరాను. పొద్దున ఎండకే పైన రేకు పెనం లాగా ఉంది. కాంక్రీటు అంటుకోకుండా సెంట్రింగ్ చెక్కలకు పాత ఇంజన్ ఆయిల్ పూస్తారు. సైట్లో పుట్టి పెరిగిన మాకు ఆ వాసన గాలిలాంటిది, ఉన్నట్టే తెలియదు. ఆ గూటి లోపల మాత్రం అది గొంతు పట్టుకుంది. కుక్క ముక్కుకి ఎలా ఉండి ఉంటుంది? పై నుంచి కొట్టిన మేకుల మొనలు లోపలికి పొడుచుకొచ్చాయి, ఒకటి నా జబ్బకు గీసుకుంది. అప్పుడే జనరేటర్ వేశారు. గూడంతా పళ్లు కొరుకుతున్నట్టు వణికింది. బయటికి రాబోయేసరికి తలుపు మూసుకుంది. చీకటి. తాతా అని అరిచి చేతులతో బాదాను. వెంటనే తెరిచాడు.

"ఇర్వై లెక్కపెట్టిన, గంతే," అన్నాడు. "నిన్న నువ్వు దాన్ని ఎంతసేపు మూసినవు?"

తలుపు లోపలి వైపు గోళ్ల గీతల మీద నేను చెయ్యి పెట్టాను.

నవ్విన మేస్త్రే వచ్చి మేకుల మొనలు వంచాడు. తలుపు పీకి అవతల పారేశాడు. నేనూ అమ్మా చెక్కల్ని బూడిదతో, సబ్బుతో తోమి ఎండబెట్టాం. తాత లోపలంతా ఎర్రమట్టితో మెత్తగా అలికాడు. నలుగురు కలిసి గూటిని జనరేటర్ దగ్గర్నుంచి మోసుకొచ్చి, గేటుకు కాస్త ఇవతలగా, ఇటుకల వరస నీడలో, వాకిలి మా షెడ్డు వైపు ఉండేలా పెట్టారు. రేకు మీద తడి గోనె సంచులు పరిచారు. చివర్లో తాత ఒక పని చేశాడు. గొర్రెల వెంట తిరిగిన రోజుల నుంచి ఒంటిని విడవని గొంగడిలో ఒక మూల కోసి, లోపల పరిచాడు. చలికాలం పొద్దుల్లో కర్రెమ్మ దాని అంచు మీదే తల పెట్టుకునేది.

ఆ సాయంత్రం కర్రెమ్మ గుట్ట దిగి దూరంగా నిలబడింది. కాలు కుంటుతోంది. నేను పరుగెత్తబోతే తాత నా చెయ్యి పట్టుకున్నాడు. పిలవొద్దన్నాడు, దాని వైపు చూడొద్దన్నాడు. అన్నం గిన్నె గూడు లోపల కాకుండా బయట మూరెడు దూరంలో పెట్టించి, మమ్మల్ని అటు వీపు తిప్పి కూర్చోబెట్టాడు. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. గిన్నె నేలకు రాసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ లేదు. తిరిగి చూస్తే గిన్నె ఖాళీ, గూడూ ఖాళీ.

ఆదివారం పొద్దున మామిడాకులు కట్టారు. కారొచ్చింది. కర్రెమ్మ ఇసుక కుప్ప వెనక నుంచి తొంగి చూస్తోంది. కొత్త మనుషులు, చెప్పుల చప్పుడు, దాని గుంట చుట్టూ పూలదండలు. ఇంజినీరు సారు అటు చూశాడు, నాయిన వైపు చూశాడు, ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. పోయి పట్టుకుని తోసేస్తే అయిపోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది. మొన్న తోసిన చేతులే కదా ఇవి అనుకుని రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాను.

కొబ్బరికాయ ఫట్‌మని పగిలింది. కర్రెమ్మ బెదిరి పరుగు తీసింది. గుంట వైపు పోబోయి జనాన్ని చూసి ఆగింది. గేటు వైపు తిరిగి కారును చూసి ఆగింది. తర్వాత నా ముందు నుంచే, నా వైపు చూడకుండా పోయి, ఇటుకల నీడలో గూటి ముందు నిలబడి వాసన చూసింది. తలుపు ఉండిన చోట ముక్కు పెట్టి అటూ ఇటూ రెండు సార్లు చూసుకుంది. తలుపు లేదు. లోపలికి పోయి, ఒక చుట్టు తిరిగి, గొంగడి మీద పడుకుంది. సారు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఓనరుగారు హారతి అద్దుకుని, ప్రసాదం తిని, కారెక్కి వెళ్లిపోయారు. అంత హైరానా పడితే, ఆ మహానుభావుడు గూడు వైపు ఒక్కసారైనా చూడలేదు!

కర్రెమ్మ మళ్లీ నా చేతిలోంచి రొట్టె తీసుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. ఒక్కో రోజూ నాకు గుర్తే.

తాత పోయి చాలా ఏళ్లయింది. ఈ ఎండాకాలం తెల్లాపూర్‌లో కొత్త కూలీ కుటుంబాల కోసం రేకుల షెడ్లు వేశారు. వాళ్లు దిగేముందు, మిట్టమధ్యాహ్నం, నేను ఒక షెడ్డులోకి పోయి తలుపు వేసుకుని కూర్చున్నాను. ప్రతిసారీ అలాగే కూర్చుంటాను. కొత్తగా వచ్చిన ఇంజినీరు అబ్బాయి తలుపు తట్టి, లోపల ఏం చేస్తున్నారండీ అని అడిగాడు. మీరూ వచ్చి కాసేపు కూర్చోండి సార్ అన్నాను. మొహమాటానికి వచ్చాడు. పావుగంట తిరక్కుండా చొక్కా తడిసి లేచాడు. మర్నాడు కిటికీలు కోయించాడు, పైన గడ్డి పరిపించాడు.

గూడు అలికిన ఆ శనివారం, చేతులు కడుక్కుని మా షెడ్డులోకి వంగి దూరుతూ తాత ఒక మాట అన్నాడు. అప్పుడు నాకది అర్థం కాలేదు, కర్రెమ్మ ధ్యాసలో ఉన్నాను. తలపైన రేకును అరచేత్తో తాకి, చెయ్యి చురుక్కుమంటే వెనక్కి తీసుకుని, నవ్వాడు.

"మనది గూడ ఎవ్వడు దూరి చూడలే, బిడ్డా."