పెళ్లిచూపులకు లాంచీ ఇంజను బిగించిన వైనం

ఒక్క ఆదివారం పొద్దున, ఉప్మాకీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య, ఒక మనిషి తన పరువునూ, పక్కింటివాళ్ల మిరపకాయలనూ, దాదాపు ఖాయమైన తన పెళ్లినీ ఒకే బండి కింద తొక్కించగలడా అని మీరు అడిగితే, గలడు అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్తాను. ఎందుకంటే ఆ మనిషిని నేనే. బండి కూడా నాదే. నవ్వుకోండి, పర్వాలేదు. టేకులపల్లిలో అందరూ ఎప్పుడో నవ్వేశారు. మీరే కొంచెం ఆలస్యంగా వచ్చారు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బొగ్గు గనిలో ఫిట్టరుగా పనిచేసిన మా నాన్న నుంచి నాకు రెండు సంక్రమించాయి. ఒకటి పాత పెట్రోలు జీపు. రెండోది, మెకానిక్ పని నా రక్తంలోనే ఉందన్న నమ్మకం. జీపుకైతే కాగితాలున్నాయి. నమ్మకానికి ఏ ఆధారమూ లేదు. ఆ జీపులో అడవి పల్లెలకు కిరాయిలు తోలుకుంటూ, బానెట్ ఎత్తినప్పుడల్లా పెద్ద ఇంజనీరులా తల పంకిస్తూ బతుకుతుండేవాణ్ని.

అలా ఉండగా పాల్వంచ నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సునీత. డిప్లొమా చదివి, అక్కడొక ఫ్యాక్టరీలో నీళ్ల పంపుల దగ్గర షిఫ్టు ఆపరేటరుగా చేస్తోంది. ఆమె ఫోటో చూసిన రోజు నేను రెండుసార్లు అన్నం తిన్నాను, మొదటిసారి తిన్నట్టు గుర్తులేక. నాకు పెళ్లంటూ అయితే ఆ పిల్లతోనే కావాలని అమ్మకు ఆ రాత్రే చెప్పేశాను. వాళ్ల నాన్న రాజయ్య గారు ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. మనుషుల్ని అట్టే నమ్మరు, మిషన్లను నమ్ముతారు. ఆయన నాకు ఫోన్ చేశారు.

"బండి ఏం బండి?"

"జీపు, మామా."

"మామ అనుడు అప్పుడే ఎందుకు? పెట్రోలా, డీజిలా?"

పెట్రోలు బండి తోలేవాడు సంపాదించిందంతా బండికే తాగిస్తాడు, ఇక పెళ్లానికేం పెడతాడు అని ఆయన అన్నట్టు మధ్యవర్తి నాకు ముందే చెప్పి ఉన్నాడు. నా నోరు నన్ను సంప్రదించకుండా జవాబిచ్చేసింది.

"డీజిలే సార్. ఇంజను మార్చిన."

"అచ్ఛా? ఎవరు బిగించిండ్రు?"

"నేనే సార్. సొంతంగ."

"అయితే వచ్చే ఐతారం పిల్లను తీస్కొని వస్త. నువ్వు రోజూ తోలే అడివి బాట మీదనే మమ్ముల తిప్పు. బండి మంచిగ నడిస్తే మిగతా ముచ్చట మాట్లాడుదం. నడువకుంటే చాయ్ తాగి ఎల్లిపోతం."

అంటే నా పెళ్లి ఇప్పుడు నా జీపు బానెట్ కింద ఉంది. బానెట్ కింద ఉన్నదేమో పెట్రోలు ఇంజను. ఆదివారానికి ఉన్నది ఎనిమిది రోజులు.

పరుగెత్తి యాకూబ్ భాయ్ దగ్గరికి పోయాను. ఆయనది మా ఊళ్లో లేతు షాపు. ఇనుముతో ఏం చెయ్యమన్నా చేస్తాడు, చేతిలో పని ఉన్నంతసేపు వద్దు అనే మాట ఆయన నోట రాదు. ఆ గుణమే నా కొంప ముంచింది.

"ఎనిమిది దినాలల్ల డీజిల్ ఇంజన్ ఏడికెళ్లి తెస్తం రా శీను?"

"గదంత నాకు తెల్వది భాయ్. నా పెండ్లి నీ చేతులల్ల ఉన్నది."

పెళ్లి అనేసరికి ఆయన కరిగిపోయాడు. అటూ ఇటూ ఫోన్లు చేశాడు. భద్రాచలంలో గోదావరి ఒడ్డున ఎవరో పాత లాంచీని విప్పి ఇనుముకు అమ్ముతున్నారని తెలిసింది. పోయి చూస్తే లాంచీకి ఒకటి కాదు, రెండు ఇంజన్లు. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. దాన్ని ఏళ్ల తరబడి నడిపిన ముసలి సరంగు ఒడ్డున కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏది గావాలె బిడ్డా? ఎడందా, కుడిదా? జర చూస్కొని తీస్కపో" అన్నాడు.

నేను నవ్వాను. "ఇంజనుకు ఎడమేంది, కుడేంది తాతా? అవేమన్న చెప్పులా?"

ఆయన బీడీ తీసి ఏదో చెప్పబోయాడు. నాకు వినే తీరిక ఎక్కడిది? కుడిదేమో తుప్పు పట్టి ఉంది. ఎడమది తాజాగా పచ్చరంగు వేయించుకుని నిగనిగలాడుతోంది. పెళ్లికొడుకు బండికి రంగున్న ఇంజనే ఉండాలి కదా! ఎడమదాన్నే ఎత్తించుకొచ్చాను.

ఆరు రోజులు యాకూబ్ భాయ్, నేను ఆ ఇంజనుతో కుస్తీ పట్టాం. జీపు గేర్‌బాక్సుకూ దానికీ పొత్తు కుదరకపోతే ఆయన మధ్యలోకి ఇనుప పలక కోసి, రంధ్రాలు వేసి కుదిర్చాడు. శనివారం సాయంత్రానికి పని పూర్తయింది. షెడ్డులోనే జీపు వెనక భాగాన్ని జాకీల మీదికి లేపి స్టార్ట్ చేశాం. గేరు వేశాను. గాల్లో చక్రాలు గిర్రున తిరిగాయి.

"తిరుగుతున్నయ్ భాయ్!"

"తిరుగుతున్నయ్ రా!"

ఇద్దరం కౌగిలించుకున్నాం. చక్రాలు తిరుగుతున్నాయా అని చూశాం తప్ప, ఎటు తిరుగుతున్నాయని ఇద్దరిలో ఒక్కడూ చూడలేదు. మీరు ఇక్కడ కాసేపు ఆగి నన్ను తిట్టుకోవచ్చు. నేను అప్పుడప్పుడు ఇప్పటికీ ఆ పని చేస్తుంటాను.

యాకూబ్ భాయ్‌కి మాత్రం ఒక చిన్న అనుమానం వచ్చింది. రేడియేటరు ముందు నిలబడితే ఆయన టోపీ ఎగిరిపోయింది.

"అరే శీను, ఫ్యాను గాలిని లోపలికి గుంజాలె గద. గిదేంది, బయటికి తోలుతుంది?"

"మంచిదే గద భాయ్. ఎదురంగ వచ్చే దుమ్ము గటే పోతది."

ఆయన "అవ్, గదీ నిజమే" అంటూ టోపీ తెచ్చుకున్నాడు.

అప్పుడే ఒక్కసారి రోడ్డెక్కి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ మా అమ్మ షెడ్డుకు అడ్డంగా నిలబడింది. "కొత్త ఇంజను పడ్డదంటే గది కొత్త బండి కిందనే లెక్క. నిమ్మకాయలు తొక్కకుండ చక్రం కదిలిందో, ఊకునేది లేదు. రేపు వాళ్ల ముందల్నే పూజ చేద్దం, మర్యాదగ ఉంటది" అంది. ఇంజను ఆపి, జీపును చేతులతో తోసి, ముఖం రోడ్డు వైపు ఉండేలా వాకిట్లో నిలబెట్టాం.

ఆదివారం పొద్దున్నే రాజయ్య గారూ సునీతా దిగారు. వాళ్ల అమ్మ రాలేదు. బండి నడిచిందని ఫోన్ వస్తేనే బయల్దేరుతుందట. సునీత ఫోటోలో కంటే బావుంది. నేను ఉప్మాలో చెయ్యి పెట్టబోయి మంచినీళ్ల చెంబులో పెట్టాను.

టిఫిన్లయ్యాయి. అమ్మ బానెట్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టింది. జీపు వెనక, కాస్త దూరంలో, పక్కింటి అయిలమ్మ చిన్నమ్మ పట్టా పరిచి ఎర్రగా మిరపకాయలు ఆరబోసుకుంది. రాజయ్య గారు నా పక్క సీట్లో, సునీత వెనక కూర్చున్నారు. ఇంజను గర్జించింది. రాజయ్య గారు కళ్లు మూసుకుని విని, "సౌండు మంచిగనే ఉన్నది" అన్నారు. నాకు పందిరి, సన్నాయి అన్నీ వినిపించాయి. మొదటి గేరు వేసి, ఠీవిగా క్లచ్చి వదిలాను.

జీపు వెనక్కి పోయింది.

"అరే అరే! నా మిర్పకాయలు!" అని అయిలమ్మ చిన్నమ్మ అరుపు.

గబాల్న బ్రేకు కొట్టాను. కంగారులో రివర్సు పడిందనుకున్నాను. ఈసారి కిందికి చూసుకుని మరీ రెండో గేరు వేశాను. ఇంకా జోరుగా వెనక్కి పోయి మిరపకాయల మధ్య ఆగింది. ఎర్రటి పొడి లేచింది. అమ్మ తుమ్మింది, చూడటానికొచ్చిన యాకూబ్ భాయ్ తుమ్మాడు, రాజయ్య గారు ఏడు తుమ్ములు తుమ్మారు. నాలుగు నిమ్మకాయలూ పెట్టినచోట పెట్టినట్టే ఉన్నాయి.

"గిదేంది పిల్లగా?" అన్నారు ఆయన కళ్లు తుడుచుకుంటూ.

ఇక ఏ దారీ తోచక రివర్సు గేరు వేశాను. జీపు బుద్ధిగా ముందుకు కదిలి నిమ్మకాయల్ని తొక్కింది.

"రివర్సుల ముందుకు పోతున్నదా?"

"కావాల్ననే గట్ల పెట్టిన సార్. అడివిల పనికొస్తది."

ఈ అబద్ధం ఎలా తట్టిందని నన్ను అడక్కండి. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పోనీ, చూస్త" అన్నారు.

అలా ఉన్న ఒకే ఒక్క గేరులో అడవి బాట పట్టాం. ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది, బండి మాత్రం నత్తలా పాకుతోంది. ఒక సైకిలు మమ్మల్ని దాటిపోయింది. తర్వాత మేకల మంద దాటిపోయింది. కాపరి వెనక్కి తిరిగి, "ముందల కలుద్దం అన్నా" అని చెయ్యి ఊపాడు. నాలుగు కిలోమీటర్లు పోయి ఒక వాగు దగ్గరికి చేరేసరికి రేడియేటరు మరిగి ఆవిరి చిమ్మింది. రాజయ్య గారు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. చాయ్ తాగి వెళ్లిపోయే మనిషి ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

వాగు నీళ్లు పోసి చల్లార్చాక సునీత దిగి వచ్చింది. "ఒక్కసారి స్టార్ట్ చెయ్యండి" అంది. చేశాను. ఆమె వంగి ముందున్న పుల్లీని చూసింది.

"ఇంజను ఉల్టా తిరుగుతుంది నాన్నా. మా పంపులకు కరెంటు ఫేజులు తారుమారైతే గిట్లనే తిరుగుతయి." నా వైపు తిరిగింది. "ఏడికెళ్లి తెచ్చిండ్రు దీన్ని?"

"లాంచీకెళ్లి."

"లాంచీకి ఎన్ని ఇంజన్లు?"

"రెండు."

"ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు తిరుగుతది, పడవ పక్కకు గుంజకుండ. ఉల్టా తిరిగే ఎడందే తెచ్చిండ్రా?"

నేను తల ఊపాను. "కావాల్ననే పెట్టిన అంటివి!" అని రాజయ్య గారు వాగు దద్దరిల్లేలా అరిచారు. ఇక దాచేదేముంది? ఫోన్లో ఆడిన అబద్ధంతో సహా అంతా ఒప్పేసుకున్నాను. "పిల్ల మీద ఇష్టంతోని అన్న సార్" అని కూడా అనేశాను. ఆయన మరింత ఎర్రబడ్డారు. సునీత మాత్రం వాగు వైపు చూస్తూ నిలబడింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలియలేదు.

"గివన్ని తర్వాత. ముందు ఇల్లు చేరాలె" అంది. "ముందుకు ఒకటే గేరు, వెనక్కి నాలుగు గేర్లు ఉన్నయి. ఫ్యాను గాలి గూడ ముందుకే కొడుతుంది. వెనక్కి పోతేనే గాలి మంచిగ తగిలి ఇంజను చల్లగ ఉంటది. వెనక్కే నడుపండి, దారి నేను చెప్త."

అలా నా జీపు జీవితంలో మొదటిసారి హాయిగా నడిచింది, వెనక్కి. నేను మెడ తిప్పుకుని స్టీరింగు పట్టుకున్నాను. సునీత వెనక కమ్మీ పట్టుకుని నిలబడి దారి చెప్తోంది. ఎవరి ఎడమ అన్న తగువు మొదటి మలుపులోనే వచ్చింది. "నా ఎడం" అంది. ఇక ఆ దారంతా ఎడమంటే ఆమె ఎడమే. రెండో మలుపుకల్లా 'తిప్పండి' పోయి 'తిప్పు' వచ్చింది.

"ఎడం! ఇంక ఎడం! చాలు. గుంత ఉన్నది, మెల్లగ. గిప్పుడు కుడి!"

పల్లెల్లో జనం పనులాపి చూశారు. మమ్మల్ని దాటిపోయి బాట పక్కన మేస్తున్న మేకలు ఈసారి భయపడి చెదిరిపోయాయి. అడవి చెక్‌పోస్టు దగ్గర గార్డు రిజిస్టరు పట్టుకుని వచ్చి, జీపు ముఖం చూసి, వెళ్లే దిక్కు చూసి, పెన్ను గాల్లోనే ఆపేశాడు.

"బండి లోపలికి పోతున్నదా, బయటికి వస్తున్నదా?"

"బయటికి" అన్నాను.

"మరి మూతి లోపలికి ఉన్నదేంది?"

"గది పెద్ద కథ. గేటు ఎత్తు బాబూ" అన్నారు రాజయ్య గారు. పొద్దుటి నుంచి ఆ మనిషి ముఖంలో నవ్వులాంటిది కనబడటం అదే మొదలు.

ఇల్లు చేరాం. వాకిట్లో అమ్మ, యాకూబ్ భాయ్, చీపురుతో అయిలమ్మ చిన్నమ్మ నిలబడి ఉన్నారు. రాజయ్య గారు దిగి, అందరి ముందూ తీర్పు మొదలుపెట్టారు.

"పిల్లగానికి ఇంజను గురించి ఓనమాలు తెల్వవు. గది చాలదన్నట్టు అబద్ధం ఆడిండు. నేనైతే చాయ్ తాగి ఎల్లిపోదును." కూతురి వైపు తిరిగారు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

సునీత కమ్మీ వదిలి కిందికి దిగింది.

"నాకు నచ్చిండు నాన్నా."

"నచ్చిండా? ఏం చూసి?"

"నాలుగు కిలోమీటర్లు నేను ఎడమంటే ఎడం, కుడంటే కుడి తిప్పిండు. ఒక్కసారి గూడ ఎందుకని అడగలే. గిసుంటి మొగోడు మళ్ల దొరుకుతడా?"

రాజయ్య గారు భార్యకు ఫోన్ చేసి బయల్దేరమన్నారు. చిన్నమ్మ మిరపకాయలన్నీ పెళ్లి వంటకే కొన్నాం. ఇప్పుడు జీపుకు సరైన ఇంజనే ఉంది, దగ్గరుండి బిగించింది మాత్రం సునీత.

కావున గోదావరి తల్లి సాక్షిగా, టేకులపల్లి పెద్దమనుషుల ఎదుట, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో, ఎటు తిరుగుతుందో కళ్లారా చూడనిదే ఏ ఇంజనూ బిగించను. నీళ్ల మీద నడిచేదాన్ని నేల మీదికి ఎక్కించను. మూడో ప్రమాణం కూడా ఒకటి రాశాను. సునీత చదివి, దాన్ని కొట్టెయ్యమంది. కొట్టేశాను. ఎందుకని అడగలేదు.